ఎనిమిది వందల రూపాయల తప్పు

ఏసురత్నం రెండు రోజులుగా అన్నం ముట్టలేదని సెంట్రీ చెప్పాడు. ఆ గొంతులో జాలి లేదు. మిగిలిన అన్నం తనకే దక్కుతోందన్న తృప్తి మాత్రం ఉంది.

జగ్గయ్యపేట పోలీస్ స్టేషన్ లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్న ఏసురత్నానికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఊరి బయట సిమెంట్ ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన కంప్యూటర్ ప్యానెల్‌కి ఆపరేటర్ అతనే. మొన్న శుక్రవారం ఆ ఫ్యాక్టరీ కొలిమిని మొదటిసారి వెలిగించబోతే పేలింది. లోపలి మంట చూసే కిటికీ దగ్గర నిలబడ్డ సొలొమోను అక్కడికక్కడే పోయాడు. సొలొమోను పరాయివాడు కాదు, ఏసురత్నం చెల్లెలి మొగుడు. బావని కావాలనే చంపాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిరుపతిరావు తేల్చేశాడు. ఆయన ఏదైనా తొందరగానే తేలుస్తాడు.

నేను ఉమాకాంతాన్ని. బెజవాడలో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. ఫ్యాక్టరీకి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ నన్ను పంపింది. ప్రమాదమైతే వాళ్ళు డబ్బు కట్టాలి, హత్యయితే కట్టక్కర్లేదు. వాళ్ళు ఏ జవాబు కోరుతున్నారో చెప్పలేదు, నేను అడగలేదు. ఈ వృత్తిలో అడక్కుండా ఉండటం కూడా ఒక పనే.

"చెయ్యి ఎలా కాలింది?" అన్నాను.

"బావని బయటికి లాగబోయానండి."

"చంపదలచినవాణ్ణి లాగుతారా ఎవరైనా?"

"అదే చెప్పానండి. నటన అన్నారు సీఐ గారు." అతను కట్టు వంక చూసుకున్నాడు. "పోయిన వారం మా బావని నేను కొట్టిన మాట నిజమే సార్. తాగొచ్చి మా చెల్లిని కొట్టాడు. నేనతన్ని కొట్టా. మర్నాడు ఇద్దరం కలిసే టీ తాగాం. అది ఎవళ్ళూ చెప్పరు."

"కొలిమి వెలిగించే పద్ధతేంటి? నాకు తెలీదనుకుని చెప్పు."

"ముందు ఫ్యాను వేసి గాలి కొట్టాలండి. మంట లేకుండా ట్రయల్లో చల్లిన ఆయిల్ ఆవిరి లోపల ఉంటది. పది నిమిషాలు కొడితే గొట్టంలోంచి పోద్ది. ఆ పది నిమిషాలూ కంప్యూటరే చూసుకుంటది. అయ్యాక పచ్చలైటొస్తది. అప్పటిదాకా మంట బటన్ నొక్కినా పనిచెయ్యదు."

"మొన్న పది నిమిషాలు కొట్టారా?"

"ఫ్యాను వేసానండి. పూజ జరిగింది, నేను పక్కకి తప్పుకున్నా. పచ్చలైటొచ్చింది, నొక్కా. నాకైతే తొందరగా వచ్చినట్టే అనిపించింది. కానీ లైటొచ్చాక నాదేవుంది సార్? నాకన్నా అది బాగా లెక్కపెడతదనే గదా కొన్నది."

"ఆ పొద్దున ఇంకేమైనా జరిగిందా?"

"ఏం లేదండి. కాసేపు కరెంటు పోయింది. వారానికి ఐదో పదో నిమిషాలు పోతానే ఉంటది. పోతే కంప్యూటర్ లోపలి గడియారం ఆగుద్ది, వచ్చాక ఆగినకాడ్నుంచే నడుస్తది. గోడ గడియారం కూడా అదే వైరు మీదే. ఆదివారం షిఫ్టులో రెండూ కలిపి సరిచేత్తాం. అప్పటిదాకా రెండూ కలిసే వెనకబడతాయి, తేడా ఉండదు."

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "సార్, మా చెల్లెలు నిన్న ఇక్కడికొచ్చింది. నా మొహాన ఉమ్మేసి పోయింది. నన్ను ఉరితీసినా పర్లేదండి, నేను చంపలేదని దానికి మటుకు ఎవరైనా చెప్పండి."

నేను చాలా లాకప్పులు చూశాను. ఏడ్చేవాళ్ళని చూసి కరిగిపోయే వయసు దాటి పోయింది. అయినా ఆ మాటకి గుమ్మంలో ఆగాను. ఇతనికి శిక్ష పడితే ఆ పిల్లకి మొగుడూ లేడు, అన్నా లేడు.

* * *

నేను వెళ్ళేసరికే ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో తిరుపతిరావు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నాకు ఆయనతో ఇది మూడో కేసు. మొదటి రెండిట్లో ఆయన పట్టుకున్నవాళ్ళు విడుదలయ్యారు. ఆయన దాన్ని మర్చిపోలేదు.

"రండి ఉమాకాంతం గారూ. మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి శుభవార్త. మర్డరే."

"ఎలా?"

ప్రింటర్లోంచి చింపిన కాగితం నా ముందు ఆడించాడు. "ఫ్యాను పదీ ఇరవై తొమ్మిదికి మొదలు. మంట పదీ నలభైకి. పదకొండు నిమిషాలు గాలి కొట్టినట్టు మెషీనే ముద్రవేసింది. మరి ఆవిరెందుకు మిగిలింది? గాలి పోయే దారిలో రేకు మూసేశాడు కాబట్టి. పని అయ్యాక తెరిచేశాడు. ప్యానెల్ మీద ఉన్నది వాడు. పగ ఉన్నది వాడికి. ఇంకేం కావాలి?"

"రేకు మూయడం ఎవరైనా చూశారా?"

"కంప్యూటర్ అబద్ధమాడదండీ. మనుషులే ఆడతారు."

గదిలో ఇంకో మనిషి ఉంది. మూలన స్టూలు మీద కళ్ళద్దాల అమ్మాయి, పాతికేళ్ళు దాటి ఉంటాయి, నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి. పేరు చూడామణి. ఈ కంప్యూటర్‌ని అమ్మిన హైదరాబాదు కంపెనీలో ఆ ప్రోగ్రాం రాసింది తనే. పేలుడు కబురు విని రాత్రి బస్సులో వచ్చిందట. నేను నమస్కారం పెడితే తను తలెత్తకుండానే పెట్టింది.

కంప్యూటర్ తెర మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. తెర మూలన టైం కనిపిస్తోంది. ఎదురు గోడ మీద గడియారం. నేను ఒకదాన్ని చూశాను, ఇంకోదాన్ని చూశాను, మళ్ళీ మొదటిదాన్ని చూశాను.

గోడ గడియారం తొమ్మిది నిమిషాలు వెనక ఉంది.

రెండూ ఒకే వైరు మీద నడుస్తాయి. కరెంటు పోతే రెండూ ఆగుతాయి, వస్తే రెండూ నడుస్తాయి. మధ్యలో తేడా రాకూడదు. వచ్చిందంటే ఎవరో ఒకదాన్ని ముట్టుకున్నారు, రెండోదాన్ని మర్చిపోయారు. నేను కంప్యూటర్ ముందు వంగి కీబోర్డు చూశాను. పూజలో కీబోర్డుకి బొట్టు పెట్టలేదు. కానీ అంకెల మీటల్లో మూడు నాలుగింటి మీద, పక్కనున్న పెద్ద మీట మీద, కుంకుమ వేలిముద్రలు ఎర్రగా ఆరిపోయి ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఏసురత్నం చేతికి కుంకుమ ఎక్కడిది?"

"ఏంటి మీ గోల?"

"అతను చర్చికి వెళ్ళే మనిషి. పూజలో చెయ్యి పెట్టలేదు. ఈ మీటలు నొక్కిన చెయ్యి బొట్టు పెట్టిన చెయ్యి."

బొట్టు పెట్టిన చెయ్యిగల ఆసామీ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. భవానీప్రసాద్, ఫ్యాక్టరీ యజమాని. పట్టు పంచె, భుజాన ఉత్తరీయం. మనిషి పోయి మూడో రోజు కాకముందే పట్టు పంచెలో కనపడ్డాడని నాకు ఒళ్ళు మండింది గానీ, మొహం చూస్తే అతనూ సరిగా నిద్రపోయినట్టు లేదు.

"తొందరగా అడగండి డిటెక్టివ్ గారూ. నందిగామలో శుభకార్యం ఉంది. రేపట్నుంచి మూఢం, మళ్ళీ రెండు నెలలు ముహూర్తాల్లేవు. వెళ్ళకపోతే బాగుండదు."

"పూజ ఎవరు చేశారు?"

"నేనే."

"ఫ్యాను వెయ్యక ముందా, వేశాకా?"

"వేశాకే. ఆ హోరులో పంతులుగారి మంత్రాలు కూడా వినపళ్ళా."

"బొట్టు పెట్టాక ఈ అంకెలెందుకు నొక్కారు?"

బుకాయిస్తాడనుకున్నాను. అతను ఏమాత్రం తడబడలేదు. "గడియారం తొమ్మిది నిమిషాలు వెనకుందండీ. ముహూర్తం పదీ నలభైకి. నా చేతి వాచీలో అప్పటికే దగ్గరపడింది. కాగితం మీద పదీ ముప్పై ఒకటని పడితే ఎట్లా? అది ఫ్రేం కట్టించి ఆఫీసులో పెట్టుకోవాలనుకున్నాం. అందుకని సరైన టైం పెట్టా. ఎలా పెట్టాలో ప్యానెల్ బిగించిన రోజు ఈ అమ్మాయే నేర్పింది. తప్పు టైం పెట్టలేదే నేను."

"గోడ గడియారం?"

"దానికి కాగితం రాదుగా. ఎవరు పట్టించుకుంటారు?" వాచీ చూసుకున్నాడు. "వెళ్ళొస్తానండీ. సొలొమోను ఇంటికి కార్యం ఖర్చులు పంపించా, అది కూడా రాసుకోండి."

కారు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. తిరుపతిరావు నవ్వాడు.

"గడియారం సరిచేస్తే కొలిమి పేలుద్దా? నా వాచీ నేను రోజూ సరిచేస్తా. స్టేషను పేల్లేదే."

"పేలుతుందండి," అంది చూడామణి.

మేమిద్దరం అటు తిరిగాం. ఆ అమ్మాయి స్టూలు మీంచి లేవలేదు.

"మా ప్రోగ్రాం నిమిషాలు లెక్కపెట్టదండి. ఫ్యాను మొదలైన టైం గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ మళ్ళీ గడియారం చూసి, ఇప్పటి టైంలోంచి మొదటి టైం తీసేస్తుంది. పది వస్తే పచ్చలైటు వేస్తుంది. మధ్యలో ఎవరైనా గడియారాన్ని తొమ్మిది నిమిషాలు ముందుకి జరిపితే, గాలి రెండు నిమిషాలే కొట్టినా పదకొండు అనుకుంటుంది. కాగితం మీద పడ్డది అదే."

"అంటే మెషీను అబద్ధమాడిందంటావు," అన్నాడు తిరుపతిరావు.

"లేదండి. దానికి చెప్పిందే నమ్మింది."

ఆయన టోపీ తీసుకుని లేచాడు. "ఇదంతా కోర్టులో చెప్పుకోండి. పంచాంగం చూసుకునే పెద్దమనిషి నేరస్థుడంట, బావని కొట్టినవాడు అమాయకుడంట. నా సర్వీసులో ఇట్లాంటి కథ వినలేదు." జీపు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ కథ విన్నాక ఆయన మొహంలో నవ్వు లేకపోవడం మాత్రం నేను చూశాను.

* * *

"మీకు ముందే తెలుసు," అన్నాను.

చూడామణి స్టూలు నా వైపు జరుపుకుంది.

"తెలుసండి. ప్రోగ్రాం రాసినప్పుడే తెలుసు. ఇదొక్కటే కాదు, ఇలాంటి తప్పులు ఇరవై దాకా దొరికాయి. అన్నీ బాగుచెయ్యాలంటే ఏడాది పడుతుంది, కంపెనీ మూసుకోవాలి. ఏది బాగుచెయ్యాలో ఏది వదిలెయ్యాలో తేల్చమని ఆ పని నాకే ఇచ్చారు."

"ఎలా తేలుస్తారు?"

"ప్రతి తప్పుకీ ఒక ఖరీదు కడతామండి. జరిగితే నష్టమెంత, జరగడానికి అవకాశమెంత, రెంటినీ గుణిస్తాం. కొలిమి పేలితే నష్టం ఎనిమిది లక్షలని వేశాను. గడియారం వారానికోసారి సరిచేస్తారు. వారానికి పదివేల పైచిలుకు నిమిషాలు. అందులో సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే సరిచేసే అవకాశం వెయ్యిలో ఒకటి. ఎనిమిది లక్షల్ని వెయ్యితో భాగిస్తే..."

"ఎనిమిది వందలు."

"అదేనండి ఆ తప్పు ఖరీదు. బాగుచెయ్యడానికి పదిహేను వేలవుతుంది. ఎనిమిది వందల తప్పుకి పదిహేను వేలు ఎవరు పెడతారు? మిగతా వాటికన్నా కిందికి పోయింది. నేనే కింద పెట్టాను. మా వాళ్ళు మెచ్చుకున్నారు కూడా, ఇంత చక్కగా ఎవరూ లెక్క కట్టలేదని."

"ఎనిమిది లక్షల్లో మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడండి. చట్టం ఎంత ఇమ్మంటుందో అంత వేశాను." కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. తుడిచినకొద్దీ మసకబారుతున్నాయి. "అప్పుడు ఆ మనిషికి పేరు లేదు."

నాకు ఆ పిల్ల మీద కోపం రావాలి. రాలేదు. నాకు ఫీజిచ్చే కంపెనీ అదే గుణకారం మీద బతుకుతోంది. కాకపోతే వాళ్ళకి ఒక తెలివి ఉంది, దెబ్బలు తిని నేర్చుకున్నది.

"మీ గుణకారంలో తప్పు లేదమ్మా. గడ్డివాములకి నన్ను పంపినవాళ్ళు ఇన్సూరెన్స్ చేస్తారు. ఏడాదిలో ఏ రోజైనా ఒకటే అనుకుని లెక్కేస్తే, దీపావళి ఒక్క రాత్రికి వాళ్ళ ఆఫీసు మూతపడేది. మీరు వారంలోని నిమిషాలన్నీ ఒక్కలాంటివే అనుకున్నారు. ఈ ప్రాంతంలో ముహూర్తం లేకుండా పొయ్యి వెలిగించరు. ముహూర్తం ముంచుకొచ్చినప్పుడే అందరూ గడియారం వంక చూస్తారు. తప్పుంటే అప్పుడే తిప్పుతారు, ఇంకెప్పుడూ తిప్పరు. వెయ్యిలో ఒకటి కాదు. గడియారం వెనకబడి ఉంటే, వెలిగించిన ప్రతిసారీ జరిగేదే."

ఆమె వేళ్ళు మడుస్తూ ఏదో గొణుక్కుంది. ఆ లెక్క మనసులో మళ్ళీ చేసుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"మా నాన్న ముహూర్తం చూడందే బావికి మోటారు కూడా బిగించనివ్వడండి," అంది చివరికి. "ఆ ఇంట్లోనే పుట్టా. ఆఫీసులో కూర్చుని అంకెలు వేస్తుంటే అది ఒక్కసారి కూడా గుర్తురాలేదు."

"ఇన్‌స్పెక్టర్‌కి మళ్ళీ చెప్పాలి. ఈసారి మీ తప్పని చెప్పాలి. మీరు చెబితే తప్ప ఏసురత్నం బయటికి రాడు. మీ ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి," అంది. ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతులా లేదు. ఏదో బరువు దించుకోబోతున్న గొంతులా ఉంది. "పదండి, ఇప్పుడే చెబుతా. తర్వాతైతే ధైర్యం చాలదు."

* * *

అద్దె కారు దొరికి స్టేషనుకి వచ్చేసరికి గంట పట్టింది. నేను ముందు లాకప్ వైపు వెళ్ళాను. అతనికి మంచిమాట ఒకటి చెప్పాలని, ముందు అతనికే చెప్పాలని అనిపించింది.

లాకప్ ఖాళీగా ఉంది. తలుపు తెరిచే ఉంది.

తిరుపతిరావు తన గదిలో ఏదో రాసుకుంటున్నాడు. నన్ను చూసి రాయడం ఆపలేదు.

"ఏసురత్నం ఏడీ?"

"పని మీద పంపా. సాయంత్రానికి వస్తాడు."

"హంతకుణ్ణి పని మీద పంపారా?"

"ఇంకా అరెస్టు చూపించలేదులెండి." అప్పటికి కలం కింద పెట్టాడు. "భవానీప్రసాద్ గారు అడిగారు. నందిగామలో ఆయన బావమరిది పత్తిగింజల నూనె మిల్లు పెట్టాడు. బాయిలర్ ఇవాళే వెలిగించాలి. రేపట్నుంచి మూఢమంట. ఆ ప్యానెల్ తెలిసినవాడు ఈ చుట్టుపక్కల వీడొక్కడే. పెద్దమనుషులు అడిగితే కాదంటామా?"

పక్కన చూడామణి బల్ల అంచు పట్టుకుంది. "ఆ బాయిలర్‌కి కూడా మా ప్రోగ్రామే అండి. ఇదే ప్రోగ్రాం. ఒక్క అక్షరం తేడా లేదు. ఆపరేటర్ దొరకలేదన్నారు, ఇంకో నెలైనా పడుతుందనుకున్నాం."

"ముహూర్తం ఎన్నింటికి?" అన్నాను.

"పన్నెండుకి."

గోడ గడియారం పన్నెండుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. నందిగామ ఎంత తోలినా ముప్పావు గంట. మిల్లుకి ఫోన్ లేదు, దరఖాస్తు పెట్టి రెండేళ్ళయిందట. నేను బల్ల మీది ఫోన్ లాక్కుని నందిగామ స్టేషనుకి కలపమన్నాను. లైను కలవడానికే ప్రాణం పోయినంత పనయింది. రైటరు ఎత్తాడు.

"ఎస్సై గారు లేరండి. నూనె మిల్లు ఫంక్షన్‌కెళ్ళారు. స్టాఫంతా అక్కడే ఉన్నారు."

"అక్కడ కరెంటు ఎలా ఉంది?"

"పొద్దుట్నుంచి పోతా వస్తా ఉందండి. ఎందుకు సార్?"

"మిల్లుకి పరిగెత్తు. పొయ్యి వెలిగించొద్దని చెప్పు. నడిచి కాదు, పరిగెత్తు."

"మిల్లు ఊరికి మూడు మైళ్ళుందండి," అన్నాడు అతను. "సైకిలుందేమో చూస్తా." లైను పోయింది.

తిరుపతిరావు మొహంలో రంగు మారిపోయింది. పొద్దున ఆ అమ్మాయి చెప్పిందంతా ఆయన వినకపోలేదు. నమ్మడం తనకి కుదరదు కాబట్టి నమ్మలేదు, అంతే. ఏసురత్నం హంతకుడని తాను నిజంగా అనుకుని ఉంటే అతన్ని ఇంకో బాయిలర్ ముందు కూర్చోబెట్టేవాడే కాదు. అది ఆయనకీ తెలుసు, నాకు తెలిసిపోయిందనీ తెలుసు.

"జీపు తియ్యండ్రా," అని బయటికి అరిచాడు. ముగ్గురం ఎక్కాం. జీపు కదిలాక చూడామణి నా వైపు వంగింది.

"ఏసురత్నం గారికి అనుభవమైంది కదండీ. ఈసారి లైటు తొందరగా వస్తే అనుమానిస్తాడు. నొక్కడు. లేచి దూరంగా వెళ్ళిపోతాడు. వెళ్ళడూ?"

లాకప్‌లోంచి తెచ్చిన మనిషి. ఎదురుగా పట్టు పంచెలు, వెనక ఖాకీలు. అతను నొక్కనంటే ఇంకెవరో నొక్కుతారు.

"ప్యానెల్ బాయిలర్‌కి ఎంత దూరంలో ఉంటుంది?" అని అడిగాను.

"చిన్న మిల్లండి. పక్కనే," అంది.

తిరుపతిరావు ముందు సీట్లో రోడ్డు వంకే చూస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"కానిస్టేబుల్ని ఒక్కణ్ణే పంపా. ఆ గుంపులో పారిపోతాడేమోనని... ప్యానెల్ స్టాండుకి కాలు కలిపి గొలుసెయ్యమన్నా."